పెద్దనాయన కడుపులో తోడేలు

మా పెద్దనాయన పొట్ట మీద రొమ్ము కింది నుంచి బొడ్డు కిందిదాకా ఒక పొడవాటి మచ్చ ఉంది. ఆయన చొక్కా విప్పి ఉన్నప్పుడు ఇంటికి వచ్చినవాళ్లు ఆ మచ్చ కథ వినకుండా బయటపడలేరు. పెళ్లయిన ఏడాది ఎండాకాలంలో గొర్రెల మందను తోలుకొని తుంగతుర్తి పక్కనున్న మా ఊరి నుంచి త్రిపురారం దాకా నడిచి వెళ్లాడట. అక్కడి కాల్వ కింద కోతలైపోయిన పొలాల్లో మందను నిలిపితే గొర్రెలకు మేత, పొలానికి ఎరువు. అలా ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున తోడేలు మంద మీద పడింది. పెద్దనాయన దాని దవడలు రెండు చేతులతో పట్టుకున్నాడు. అది పంజాతో ఆయన పొట్ట చీల్చింది. పేగులు బయటికి వచ్చినా తువ్వాలతో కట్టుకొని, గొర్రెలన్నీ ఉన్నాయని చూసుకున్నాకే కింద పడ్డాడు.

నా చిన్నప్పుడు ఆ తోడేలు ఊరకుక్కంత ఉండేది. నేను ఇంటర్‌కు వచ్చేసరికి దూడంత అయింది. దాని పుణ్యమా అని పెద్దనాయన గొర్రెల కాపరుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పోటీగా నిలబడాలనుకున్నవాళ్లకు చీల్చుకోవడానికి పొట్ట ఉన్నా, చీల్చే తోడేలు దొరకలేదు.

నేను బీఫార్మసీ చదివి సూర్యాపేటలో ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాను. మా ఇంట్లోవాళ్ల లెక్కలో నేను డాక్టర్ని. కాదని చెప్తే అది నా మంచితనం అనుకుంటారు. అందుకే పెద్దనాయనకు కడుపులో నొప్పి వస్తే ఆయన నేరుగా నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. నేను డాక్టర్లు చేసే పనే చేశాను. ఇంకో డాక్టర్ దగ్గరికి పంపాను.

సూర్యాపేట స్కానింగ్ సెంటర్‌లో పొట్ట మీద జిగురు రాసి చూశారు. పేగుల చుట్టూ చిన్న చిన్న గడ్డలు చాలా ఉన్నాయన్నారు. కాలేయం బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి, ప్లీహం బాగుంది అని రిపోర్టులో వరసగా రాసి ఉంది. ఆ వరస వాళ్ల కంప్యూటర్లో ముందే టైపు చేసి ఉంటుందనీ, పేరూ వయసూ మాత్రం మారుస్తారనీ నాకు తర్వాత తెలిసింది.

ఆ కాగితం పట్టుకొని డాక్టర్ దగ్గర కూర్చున్నాం.

"మొహం ఎప్పుడన్నా ఎర్రబడతదా?" అన్నాడు డాక్టర్.

"అయితది సార్."

"ఎప్పుడు?"

"రోజూ. పొద్దుగూకంగ."

పొద్దుగూకే వేళకు పెద్దనాయన ఎక్కడ ఉంటాడో డాక్టర్ అడగలేదు. తాళ్ల దగ్గర, తాటిచెట్ల కింద కల్లు ముంత ముందు ఉంటాడని ఈయనా చెప్పలేదు.

"విరేచనాలు?"

"నడుమ నడుమ." అవి కూడా ఆ ముంతవే.

"మందులేమన్నా వాడుతున్నవా?"

"మందా? ఈ ఒంట్లకు ఇప్పటిదాంక ఒక్క గోళీ పోలే సార్. తోడేలు చీరినప్పుడు కుట్లేసిన్రు, గంతే."

పక్కనే కూర్చొని నేనూ తల ఊపాను. ప్రతి నెలా ఆయనకు గ్యాస్ గోళీల స్ట్రిప్పులు కత్తిరించి ఇచ్చేది నేనే. పొద్దున లేవగానే పరగడుపున ఒకటి వేసుకొని, ఆ తర్వాతే చాయ్ తాగుతాడు. అయినా ఆ గోళీ గుర్తుకు రాలేదు. గ్యాస్ గోళీ మా దగ్గర మందు కాదు, అలవాటు. పళ్లు తోముతావా అని అడిగితే ఎవరైనా మందుల జాబితాలో చెప్తారా?

మొహం ఎర్రబడుతుంది, విరేచనాలు అవుతాయి, కడుపులో గడ్డలున్నాయి. డాక్టర్ ఈ మూడింటినీ కలిపి ఒక రక్త పరీక్ష రాశాడు. అందులో చూసే పదార్థం పేరు క్రోమోగ్రానిన్. అది ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ కావచ్చు, అంటే హార్మోన్లు వదిలే రకం గడ్డలు, హైదరాబాద్ పోండి అన్నాడు.

ఊరంతా పరామర్శకు వచ్చింది. వచ్చినవాళ్లందరికీ పెద్దనాయన మచ్చ చూపిస్తూ, "తోడేలుకే భయపడలే, ఈ గడ్డలెంత?" అన్నాడు. పెద్దమ్మ మాత్రం తోడేలు మాట వచ్చినప్పుడల్లా లేచి లోపలికి పోయింది. బాధతో అనుకున్నాను.

హైదరాబాద్‌లో క్యాన్సర్ డాక్టర్ సంగతి తేల్చి చెప్పాడు. ముందు గాలియం స్కాన్ చేస్తారు. అందులో గడ్డలు వెలిగితే పొట్ట తెరిచి తీయగలిగినన్ని తీస్తారు.

పెద్దమ్మతో సహా మమ్మల్ని తీసుకెళ్లింది కోదాడ బావ, అంటే పెద్దనాయన అల్లుడు. కారు ఆయనది. దారి పొడవునా ఫోన్‌లో ఆ రోగం గురించి చదివి వినిపించింది కూడా ఆయనే. "మావయ్యా, ఇది మెల్లగా పెరిగే రకమంట, కంగారు పడకండి," అని ఆయన అంటుంటే, కంగారు పడనివాడు కూడా సీటు బెల్టు పట్టుకున్నాడు.

స్కాన్ చేసే డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అణుధార్మికత ఉన్న మందు ఒకటి రక్తంలోకి ఎక్కిస్తారు. ఈ రకం గడ్డల ఒంటి మీద కొన్ని తాళాలుంటాయి. ఆ మందు తాళం చెవిలా వెళ్లి వాటిలో ఇరుక్కుంటుంది. అది ఇరుక్కున్న చోటల్లా బొమ్మలో వెలుగుతుంది. "సాయంత్రానికల్లా మందు ప్రభావం పోతుంది. అందాకా గర్భిణులకూ చిన్నపిల్లలకూ దూరంగా ఉండండి చాలు," అంది.

ఆ ఒక్క మాట పట్టుకొని పెద్దనాయన తర్వాత చేసింది చూడాలి. స్కాన్ అయ్యాక ఆ రోజు కోదాడలో బావ ఇంటి దగ్గరే ఆగాం. అక్కకు ఆరో నెల. మేము చేరేసరికి వెలుతురు పోతోంది, డాక్టరమ్మ చెప్పిన గడువూ దాటిపోయింది. అయినా ఆయన ఇంట్లో కాలు పెట్టలేదు. గేటు బయట కుర్చీ వేయించుకొని, "నన్ను ముట్టకుండ్రి, కరెంటున్నది," అన్నాడు. అన్నం పళ్లెం గేటు కిందనుంచి కర్రతో నెట్టమన్నాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి, ఈయన ఏ తప్పు చేశాడని అడిగి పోయారు.

అంతకుముందు మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలో జరిగింది చెప్పాలి.

ఆమె తెర మీద పెద్దనాయన కడుపు చూపించింది. ఎర్రటి చుక్కలు, ఒకటి కాదు రెండు కాదు, పేగుల మధ్య విత్తనాలు చల్లినట్టు. బావ "అమ్మో," అన్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ చుక్కల వైపు చూడటంలేదు. పైన ఎడమ పక్క, ఏ రంగూ లేని చోట వేలు పెట్టింది.

"ఇక్కడ ప్లీహం ఉండాలి. ఈ స్కాన్‌లో అందరికీ అదే ఎక్కువ వెలుగుతుంది. ఈయనకు ప్లీహమే లేదు."

"సూర్యాపేట రిపోర్టులో ఉంది మేడం," అన్నాను.

"రిపోర్టులో ఉంది. కడుపులో లేదు."

పెద్దనాయన నా వైపు వంగి, "ఏం లేదంటున్నదిరా?" అన్నాడు.

"తిల్లి."

ప్లీహానికి మటన్ కొట్టులో వాడే మాట చెప్పేసరికి ఆయనకు వెంటనే అర్థమైంది. "తిల్లి లేకుంట గొర్రె బతుకుతదా మేడం?"

"మనిషి బతుకుతాడు. మీ పొట్టకు ఆపరేషన్ ఎప్పుడైనా అయిందా?"

పెద్దనాయన చొక్కా గుండీలు విప్పాడు. తోడేలు వచ్చింది. త్రిపురారం, తెల్లవారుజాము, దవడలు, తువ్వాల అన్నీ వచ్చాయి. డాక్టరమ్మ చివరి దాకా విని మచ్చ దగ్గరికి వంగి చూసింది.

"చాలా తిన్నగా గీరిందే మీ తోడేలు. కుట్లు కూడా బొడ్డును తప్పించి వేశారు."

ఆ తర్వాత మా నలుగురికీ అర్థమయ్యేలా చెప్పింది. దెబ్బ తగిలి ప్లీహం లోపలే పగిలితే ముక్కలు కడుపంతా చెదురుతాయి. పగిలిన ప్లీహాన్ని డాక్టర్లు తీసేసినా, మిగిలిన తునకలు పడ్డచోట అతుక్కొని ఏళ్ల తరబడి పెరుగుతాయి. వాటికీ అవే తాళాలుంటాయి కాబట్టి ఈ స్కాన్‌లో గడ్డల్లాగే వెలుగుతాయి. అదే అయితే రోగం లేదు, కోత లేదు. "అలా పగిలింది అనుకుంటేనే ఈ బొమ్మకు అర్థం ఉంది. కానీ అనుకోవడం చాలదు. వచ్చే వారం ఇంకో పరీక్ష చేద్దాం. పాత కాగితాలుంటే తెండి. ఆయన వాడే మందులు కూడా చెప్పండి."

ఈసారి నాకు గుర్తొచ్చింది. "గ్యాస్ గోళీ మేడం. రోజూ ఒకటి. ఎనిమిదేళ్ల నుంచి."

ఆమె పెన్ను కింద పెట్టింది. "అది వాడితే క్రోమోగ్రానిన్ పెరుగుతుంది. ఈ సంగతి ముందెందుకు చెప్పలేదు?"

"అది మందని మాకు తెలియదు మేడం," అన్నాను. బీఫార్మసీ పట్టా ఉన్న నోటితో.

అన్నిటికన్నా విచిత్రం ఇప్పుడు చెప్తాను. మంచి వార్త వినగానే సంతోషించాల్సిన పెద్దనాయన గుండీలు పెట్టుకొని లేచాడు. "ఇంకో పరీక్ష అక్కర్లే. గడ్డలే ఉన్నయ్. కోసెయ్యుండ్రి."

"మరి తిల్లి ఏమైంది మావయ్యా?" అన్నాడు బావ.

పెద్దనాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "తోడేలు తిన్నదేమో."

కోదాడలో గేటు బయట కూర్చున్నప్పుడు కూడా అదే మాట. పరీక్షకు రాను, ఆపరేషన్‌కు వస్తాను. లేని రోగానికి పొట్ట కోయించుకోవడానికి పట్టుబట్టిన పేషెంట్‌ను నేను నా కౌంటర్ వెనక నుంచి ఎప్పుడూ చూడలేదు. అక్క లోపల ఏడుస్తోంది. "కుట్లు ఎక్కడ వేశారో అదన్నా చెప్పమనండి," అన్నాడు బావ విసుగొచ్చి. గేటు వైపు చూడకుండా పెద్దమ్మ నెమ్మదిగా అంది. "మిర్యాలగూడల. నేనొస్త, పాండ్రి."

మర్నాడు పెద్దనాయనను కోదాడలోనే వదిలి మేము ముగ్గురం మిర్యాలగూడ పోయాం. ఆ నర్సింగ్ హోమ్ ఇప్పుడు టిఫిన్ సెంటర్. మమ్మల్ని చూసి పేషెంట్లమో కస్టమర్లమో తేల్చుకోలేక సర్వర్ మూడు నీళ్ల గ్లాసులు పెట్టాడు. పెద్దమ్మ దోసెల పెనం వైపు వేలు చూపి, "గాడనే పండవెట్టిన్రు," అంది. బావ తింటున్న దోసె పక్కకు జరిపాడు.

ఎదురుగా ఒక పాత మెడికల్ షాపు ఉంది. ఆ షాపు పెద్దాయన ఒకప్పుడు ఆ నర్సింగ్ హోమ్‌లో కాంపౌండర్. నేనూ మెడికల్ షాపు వాణ్నే అని చెప్పగానే స్టూల్ జరిపాడు. త్రిపురారం వైపు నుంచి వచ్చిన తోడేలు కేసు గుర్తుందా అని అడిగాను.

"తోడేలా?" అని నవ్వాడు. "ఈడ ఏ దిక్కు జూసినా వరిచేను, లేకుంటె రైస్ మిల్లు. తోడేలొచ్చి ఏం తింటది, బియ్యమా?"

"మరి పొట్ట ఆపరేషన్ కేసు, గొర్ల కాపరి..."

"గొర్లాయనా? ఉండు. గొర్లాయన ఒకడొచ్చిండు. పొట్టేలు పొడిసిన కేసది. పైన గీటు గూడ లేదు, లోపలంత నెత్తురు. సారు కోసి తిల్లి తీసి బేసిన్ల ఏసిండు. బేసిను పట్టుకున్నది నేనే. అది తునకలు తునకలైంది."

"కాగితాలు ఉంటాయా?" అన్నాడు బావ.

"సారు పోయి శానా ఏండ్లాయె. కాగితాలు ఎలుకలకు పోయినయ్. నా నోరున్నది, రాసుకోండ్రి."

బావ ఫోన్ తీసి ఆయన చెప్పిందంతా వీడియో పట్టాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె షాపు మెట్టు మీద కూర్చొని ఉంది.

"ఆ పొట్టేలు మా తల్లిగారు పెట్టిందిరా," అంది. "పెండ్లప్పుడు అల్లునికని తోలిచ్చిన్రు. కొమ్ములు తిరిగి, జూస్తే ముచ్చటగుండె. ఒకనాడు మేత పెడుతుంటె ఎనకకు పోయి ఉరికొచ్చి పొడిసింది."

"మరి తోడేలు?"

"మా అత్త ఎసుంటిదో నీకు తెల్వది. మీ ఇంటి పొట్టేలు నా కొడుకును సంపింది అని నన్ను తల్లిగారింటికి తోలేది. దవాఖానల తెలివి రాంగనే ఆయన అన్నది గదే. పొట్టేలని అనకు, తోడేలందాం అని."

నా నోట్లో ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను. అడగాల్సింది మాత్రం అడిగాను. "నాయనమ్మ పోయి పదేళ్లయింది కదా పెద్దమ్మా. అప్పుడన్నా చెప్పొచ్చుగా?"

"అప్పటికి తోడేలు పెద్దగైంది గదరా," అంది.

కోదాడ చేరేసరికి పెద్దనాయన గేటు లోపలికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కరెంటు దిగిపోయిందని ఆయనే నిర్ణయించుకున్నాడట. బావ వీడియో పెట్టాడు. కాంపౌండర్ గొంతు "బేసిను పట్టుకున్నది నేనే" అనే దాకా పెద్దనాయన విన్నాడు. తర్వాత, "ఎవడీడు? తాగున్నడా?" అన్నాడు.

పెద్దమ్మ చెప్పులు విప్పకుండానే ఆయన ముందు నిలబడింది.

"ఇగ సాలు. పొట్టేలని చెప్పు."

"నువ్వు ఊకోయే."

"ముప్పై ఏండ్లు ఊకున్న. నా తల్లిగారి పరువుకోసం ఒకసారి అబద్ధమాడితివి, బాగనే ఉన్నది. గా అబద్ధంకోసం రెండోసారి కడుపు కోయిచ్చుకుంటవా? మా అమ్మ లేదు, మీ అమ్మ లేదు, గా పొట్టేలు గూడ లేదు. ఎవల కోసం?"

"సంఘంల ఏం మొకం పెట్టుకోవాలె నేను? తోడేలుతోని కొట్లాడిన మనిషిని. నా మందల పొట్టేలు పొడిసిందని చెప్పుకోవాల్నా?"

"చెప్పుకో. లేకుంటె ఆపరేషన్ బల్ల మీద నువ్వొక్కనివే పండుకో. నేను రాను. గీ పిల్ల కాన్పు జూసుకుంట ఈడనే ఉంట."

తోడేలు దవడలు పట్టుకున్న మనిషి అరుగు మీద కాసేపు గోరుతో సున్నం గీకాడు. "పరీక్ష మల్ల ఎప్పుడన్నరురా?" అని నన్ను అడిగాడు.

రెండో పరీక్ష మొదటిదానికన్నా వింత. రక్తం తీసి, అందులోని ఎర్రకణాలకు అణుధార్మిక పదార్థం అంటించి, వేడి చేసి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. వేడికి చెడిపోయిన కణాలను ఏరి మింగడం ప్లీహం పని. కాబట్టి ప్లీహం తునక ఎక్కడుంటే అక్కడ వెలుగు కనపడుతుంది. ఆ గడ్డలు నిజంగా ట్యూమర్లయితే ఈ రక్తాన్ని పట్టించుకోవు.

"నా నెత్తురు ఉడకబెడతరా?" అన్నాడు పెద్దనాయన.

"మరగనివ్వం, గోరువెచ్చ కన్నా కొంచెం ఎక్కువ," అంది డాక్టరమ్మ.

"అల్లం ఏస్తరా?" అని నేను అడిగాను. ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో ఆ పూట నాలుగు ప్రాణాలు తెర మీదే ఉన్నాయి. నాది కూడా.

తెర వెలిగింది. మొదటి స్కాన్‌లో చుక్కలు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే, ఒక్కటి తప్పకుండా. డాక్టరమ్మ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది. అన్నీ తిల్లి తునకలే. ట్యూమర్ లేదు. తీయాల్సింది ఏమీ లేదు. అసలు ప్లీహం లేదు కాబట్టి టీకాలు వేయించుకోవాలి, జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి రావాలి, గ్యాస్ గోళీ మానేసి కొన్ని వారాలాగి రక్త పరీక్ష మళ్లీ చేయించాలి అని చెప్పింది. ఆ రక్త పరీక్ష తర్వాత మామూలుగానే వచ్చింది. కడుపునొప్పి కూడా తాళ్ల వైపు పోవడం తగ్గించాక తగ్గింది. ఈ రెండు సంగతులకు సంబంధం లేదని పెద్దనాయన వాదన.

పెద్దమ్మ కుర్చీలో కూర్చొనే దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో తెలియదు, ఎదురుగా మాత్రం స్కాన్ మిషన్ ఉంది.

"రిపోర్టులో పాత దెబ్బ గురించి రాయాలి," అంది డాక్టరమ్మ కీబోర్డు ముందు. "ఏమని రాయమంటారు?"

గదిలో అందరం ఆయన వైపు చూశాం. ఆయన పెద్దమ్మ వైపు చూశాడు.

"పొట్టేలు అని రాయుండ్రి," అన్నాడు. ఆమె టైపు చేస్తుంటే ఆగలేక, "జర పెద్దది అని గూడ రాయుండ్రి."

ఊరికి వచ్చిన మర్నాడు సంఘంవాళ్లంతా ఇంటికి వచ్చారు. పెద్దనాయన చాయ్‌లు పోయించి, నిలబడి, మీటింగ్‌లో మాట్లాడినట్టే మాట్లాడాడు. గడ్డలు లేవు, ఆపరేషన్ లేదు. అది తోడేలు కాదు, మా పొట్టేలే పొడిచింది, ఇన్నేండ్లు అబద్ధం చెప్పిన, అధ్యక్షునిగ వేరేటోన్ని పెట్టుకోండ్రి అన్నాడు. తలుపు పక్కన పెద్దమ్మ కొంగు నలుపుతోంది.

సంఘం ఉపాధ్యక్షుడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ ఏడాది త్రిపురారం మందలో పెద్దనాయనతో పాటు పోయినవాడు ఆయనే.

"ఏం మాట్లాడుతున్నవే అన్నా? తోడేలు కాకపోవుడేంది? నేను ఆడనే ఉంటి. కండ్లార జూసిన."

"ఏం జూసినవురా? నువ్వు ఆనాడు మిర్యాలగూడకు ఉప్పు తేను పోయినవ్."

"పోయొచ్చిన గద. కాల్వ కట్ట మీద ఉరుకుతుండె. తోక గింతుండె." చేతులు చాపి చూపించాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. వెనక నుంచి ఇంకొకాయన, ఆ యేడు తమ మందలో కూడా రెండు గొర్లు పోయాయని, అది ఆ తోడేలు పనేనని అన్నాడు.

"పొట్టేలురా నాయనా!" అని పెద్దనాయన అరిచాడు. ఒట్టేశాడు. పెద్దమ్మను పిలిచి చెప్పించాడు. ఆడవాళ్లకేం తెల్సు అన్నారు. అంత పెద్ద రోగం అనుకొని మనిషి మెత్తబడ్డాడు, కొన్నాళ్లకు సర్దుకుంటాడు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. చివరికి ఆయన నా వైపు తిరిగి, "నువ్వన్న జర రిపోర్టు సదువురా," అన్నాడు.

నేను కవరు విప్పి మొదటి నుంచి చదివాను. తిల్లి తునకలు, పాత దెబ్బ, పొట్టేలు, అది కూడా పెద్దది, అన్నీ తెలుగు చేసి చెప్పాను. ఉపాధ్యక్షుడు ఓపికగా, ఒక్క మాటకు కూడా అడ్డు రాకుండా మొత్తం విన్నాడు.

"అంత సదివినవ్ గద," అన్నాడు. "అండ్ల తోడేలు లేదని రాసిన్రా?"

నేను కాగితం తిప్పి వెనక కూడా చూశాను.

"రాయలేదు," అన్నాను.

"మరి!" అన్నాడు.